నౌక పేరు చినతిప్పపాలెం

రోగం వచ్చాక చూసుకోవలసినవారు ఆసుపత్రివారు. రాకముందు చూసుకోవలసినవారు ఆరోగ్యశాఖవారు. అది దారిలో ఉండగా, వస్తూ వస్తూ ఉండగా, చూడవలసినవారెవరు అన్న మహా ప్రశ్నకు మానవజాతి 2019 ఆగస్టు 14, బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు మచిలీపట్నంలో సమాధానం కనిపెట్టింది. ఆ రోజు భోజనంలో పండుగప్ప ఇగురు, గోంగూర రొయ్యలు, శాకాహారులకు కంద బచ్చలి, అందరికీ గడ్డపెరుగు, చివర హల్వా వడ్డించారు. సమాధానం హల్వాకూ కిళ్ళీకీ మధ్యన వచ్చింది. దాని పేరు దివి-బందరు-గుడివాడ ఆరోగ్య సమన్వయ విభాగం.

ఆ తేదీ దైవాధీనం గారికి బాగా గుర్తు. ఆ రోజు వడ్డన చూసింది ఆయనే. మర్నాటి నుంచి (మర్నాడు జెండా పండుగ సెలవు గనక ఎల్లుండి నుంచి) ఆ విభాగానికి ఏకైక గుమస్తా కూడా ఆయనే.

అంతకుముందు పరిస్థితి ఎంత అధ్వాన్నంగా ఉండేదో ఈ కాలంవారికి తెలియదు. తీర సామాజిక ఆసుపత్రి, ఆరోగ్యశాఖ కార్యాలయం ఒకే భవనంలో, ఒకే మెట్లకు అటొకటి ఇటొకటి ఉండేవి. ఇద్దరికీ టీకొట్టు ఒక్కటే. ఆసుపత్రి కాంపౌండరు ఏడుకొండలు టీ ఊదుకుంటూ, "ఘంటసాల వైపు నుంచి వాంతులు, విరేచనాలు వస్తున్నాయి బావా, ఓ చూపు చూడు" అనేవాడు. ఆరోగ్యశాఖ ఇన్స్పెక్టరు గ్లాసు కింద పెట్టి, మోపెడ్ తొక్కుకుంటూ ఘంటసాల వెళ్ళేవాడు. ఈ పద్ధతిలో నిపుణులు మూడు ఘోరమైన లోపాలు గుర్తించారు: ఫారం లేదు, ముద్ర లేదు, పని అయిపోయేది.

కొత్త విభాగం జారీచేసిన మొదటి సర్క్యులర్ ప్రకారం టీకొట్టు దగ్గర రెండు శాఖల సిబ్బందీ ఆరోగ్యం గురించి మాట్లాడుకోరాదు. వానలు, సినిమాలు, పిల్లల ర్యాంకులు మాట్లాడుకోవచ్చు. ఒకరు దగ్గితే రెండవవారు చూడనట్టు ఉండాలి. సమాచారమంతా సమన్వయ విభాగం ద్వారానే నడవాలి.

నడిచేది. ఆసుపత్రి నుంచి వచ్చిన నివేదికను దైవాధీనం గారు నీలం ఫారంలోకి ఎక్కించి ఆరోగ్యశాఖకు పంపేవారు. ఆరోగ్యశాఖ నుంచి వచ్చినదాన్ని గులాబీ ఫారంలోకి ఎక్కించి ఆసుపత్రికి పంపేవారు. మెట్లకు అటునుంచి ఇటు మనిషి వస్తే పది అడుగులు. కాగితం వస్తే ఆరు రోజులు. మనిషి రాకూడదు గనక ఆరు రోజులే లెక్క.

దైవాధీనం గారు బందరులోనే బి.ఏ. చదివారు. ఏడాదిలో రిటైరవుతారు. ఆదివారం చర్చిలో వెనక బెంచీలో కూర్చుంటారు. అబద్ధం ఆడరు, ఆడవలసిన అవసరం ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఫారంలో అబద్ధానికి విడిగా గడి ఉండదు.

ఆయన చేతిలో ఉన్న నిబంధనల్లో ముఖ్యమైనది అయిదు సంఖ్యకు సంబంధించినది. ఒకే చోటు నుంచి, ఒకే ఆసుపత్రికి, ఒకే వారంలో అయిదుగురు ఒకే జబ్బుతో వస్తే అది 'ప్రబలడం'. అప్పుడు ఆరోగ్యశాఖ కదులుతుంది, ట్యాంకులు కడుగుతుంది, గొట్టాలు చూస్తుంది. నలుగురు వస్తే అది 'యాదృచ్ఛికం'. అప్పుడు ఆ చిరునామాలో బ్లీచింగ్ పౌడర్ చల్లి, ఫోటో తీసి, దేవుడి మీద భారం వేస్తుంది. (దేవుడికి పంపవలసిన ఫారం ఇంకా ఖరారు కాలేదు.)

కిందటి సెప్టెంబరులో ఒక శనివారం కోటమ్మ రాలేదు.

కోటమ్మది చినతిప్పపాలెం. పాలకాయతిప్ప దాటాక, ఇసుక మీద ఉన్న చిన్న పల్లెకారుల ఊరు. మంగళవారం, శనివారం ఆమె గంపతో దైవాధీనం గారి వీధిలోకి వస్తుంది. పదహారేళ్ళుగా ఆయన ఇంటికి చేప ఆమే వేస్తోంది, ఏ చేప తినాలో కూడా ఆమే నిర్ణయిస్తోంది. అలాంటి మనిషి సోమవారం పొద్దున్నే ఆఫీసు గుమ్మంలో కనబడింది. చేతిలో గంప లేకుండా కోటమ్మను ఆయన అంతకుముందెన్నడూ చూడలేదు.

"ఏమ్మా, చేప లేదా?" అన్నారు.

"చేపలెక్కడివండీ అన్నయ్యగారూ, మనుషులే లేవట్లేదు. మా పాలెంలో ఇంటికొకరు పడ్డారు. మా మనవరాలు రాజకుమారి మూడ్రోజుల్నించి మీ ఆసుపత్రిలోనే ఉంది, సీసా ఎక్కుతోంది. మా ఆడబిడ్డ గుడివాళ్ళో ఉంది. మా తోడికోడలి కొడుకు అవనిగడ్డలో. కుళాయి నీళ్ళు కంపు కొడతన్నాయండి. ఎవరు చూస్తారో చెప్పండి, ఆళ్ళ కాళ్ళు పట్టుకుంటాను."

ట్యాంకు నుంచి వచ్చే గొట్టం డ్రెయిను అడుగునుంచి వస్తుందనీ, అక్కడెక్కడో పగిలిందనీ, పంపు ఆపరేటరు రాంబాబు నాలుగు నెలల్నించి చెబుతూనే ఉన్నాడనీ ఆమె వివరించింది. దైవాధీనం గారు ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ వారం నివేదికలు తీశారు.

తీర సామాజిక ఆసుపత్రికి బందరులో పెద్ద భవనం, గుడివాడలోనూ అవనిగడ్డలోనూ శాఖలు. బందరు నుంచి వాంతులు, విరేచనాలు నలుగురు. గుడివాడ నుంచి నలుగురు. అవనిగడ్డ నుంచి నలుగురు. మూడు యాదృచ్ఛికాలు. చిరునామాలు చూస్తే బందరు చేపల మార్కెట్, గుడివాడ చేపల మార్కెట్, అవనిగడ్డ బస్టాండు సెంటర్. చినతిప్పపాలెం అన్న పేరు ఎక్కడా లేదు.

"మీ ఊరు చెప్పలేదా అమ్మా?"

"చెప్పాం. కంప్యూటరు అబ్బాయి ఆ పేరు లిస్టులో లేదన్నాడండి. ఉన్నదేదో చెప్పు, వెనకాల జనం ఉన్నారన్నాడు. మరి నేనెక్కడ దొరుకుతానో ఆ చోటు చెప్పాను. ఎవరికైనా నాతో పనిబడితే మార్కెట్టుకే గదండీ వచ్చేది."

అందులో తప్పేమీ లేదు. పాలెం ఆడవాళ్ళు తెల్లవారకముందే తలో ఊరికీ గంపలు మోసుకుపోతారు. జబ్బుచేస్తే కూడా తాము చేపలమ్మే ఊరి ఆసుపత్రికే పోతారు. అక్కడైతే ఆయాకో, వాచ్‌మన్‌కో ఎప్పుడో చేప వేసి ఉంటారు, మొహమాటానికైనా పలుకుతారు. అలా ఒక ఊరి జబ్బు మూడు ఊళ్ళకు సమానంగా పంపిణీ అయింది. ఎక్కడా అయిదు కాలేదు.

ఆరోగ్యశాఖ ఊరుకోలేదు. మూడు చిరునామాల్లోనూ మూడేసిసార్లు బ్లీచింగ్ పౌడర్ చల్లింది. ఆ వారం గుడివాడ మార్కెట్లో చేపలకు చేపవాసన రాకపోవడంతో కొనేవాళ్ళు అనుమానపడి వెనక్కి వెళ్ళిపోయారు. ఫోటోలు మాత్రం చాలా బాగా వచ్చాయి.

దైవాధీనం గారు ఫోన్ తీసి చినతిప్పపాలెం ఉపకేంద్రంలో పనిచేసే ఏఎన్ఎం షీబాకు చేశారు. నర్సమ్మ ఊళ్ళోనే ఉండగా ఇంతమంది పడిపోతే పై వాళ్ళకు ఎందుకు చెప్పలేదని అడగడం ఆయన ఉద్దేశం. షీబా చెప్పింది విన్నాక ఆ ఉద్దేశం మానుకున్నారు.

ఆమె మొదటి రోజే యాప్‌లో నమోదు చేయబోయింది. యాప్ ఆమెను ఊళ్ళో నిలబడి ఫోటో తీయమంది. తీసింది. 'మీరు సముద్రంలో ఉన్నారు. దయచేసి ఒడ్డుకు వచ్చి మళ్ళీ ప్రయత్నించండి' అని వచ్చింది. యాప్ లోపలి పటం ఎప్పటిదో గాని, అందులో చినతిప్పపాలెం ఉన్నచోట నీలం రంగు ఉంది. కృష్ణమ్మ మేట వేసుకుంటూ పోయిన సంగతి పటానికి ఎవరూ తెలియజేయలేదు. షీబా ఫోన్ చేతిలో పట్టుకుని పడమరగా నడిచింది. రెండు కిలోమీటర్లు నడిచాక, ఒక తూము మీద నిలబడితే ఆమె నేల మీద ఉందని యాప్ అంగీకరించింది. మీ చుట్టూ వంద మీటర్లలో రోగులెందరు అని అడిగింది. తూము మీద గేదె తప్ప ఎవరూ లేరు. సున్నా అని నొక్కితేగాని వదల్లేదు.

"చర్చి విందులకి అన్నం వండే డేగిసా అడిగి తెచ్చానండి. రోజుకి ఆరుసార్లు కాస్తున్నాను. నాలుగొందల పన్నెండు మందికి ఏం చాలుతుంది? ముందు పసిపిల్లలకీ, బాలింతలకీ పోస్తున్నాను. మిగతావాళ్ళు చూసీ చూసీ మళ్ళీ కుళాయి దగ్గరికే వెళ్తున్నారు" అంది షీబా. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. పొయ్యి మీద ఏదో ఉన్నట్టుంది, తొందరగా పెట్టేసింది.

సమన్వయాధికారి శామ్యూల్ రాజ్ గారు చెడ్డవారు కారు. బల్ల మీద ఆయన పెన్నులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. దైవాధీనం గారు చెప్పినదంతా ఓపిగ్గా విని, ఒక పెన్ను కొంచెం పక్కకు పోతే సర్ది, చిరునామాలు తప్పయితే సరిదిద్దవచ్చునన్నారు.

"సరిదిద్దితే ఊరు లిస్టులో లేదు గదండీ."

"లేని ఊరినుంచి వచ్చినవారు సముద్రంలో నివసించేవారి కింద వస్తారు. వాళ్ళకి నావికుల ఫారం ఉంది. అందులో ఓడ పేరు, కెప్టెన్ సంతకం కావాలి. అవి లేకపోతే తప్పుడు చిరునామా మీద మంచం తీసుకున్నట్టు అవుతుంది. మంచం రద్దు చేయాలి."

"పన్నెండు మందినీ ఇంటికి పంపేస్తారా అండీ?"

"నిజం నమోదు చేస్తే పంపాలి. చేయకపోతే అక్కర్లేదు."

సంగతి అలా తేలింది. నిజం రాస్తే ఏడేళ్ళ రాజకుమారి చేతినుంచి సీసా తీసేస్తారు. రాయకపోతే ఆమె ఊరి గొట్టం వైపు ఎవరూ చూడరు. ఆమె కోలుకుని ఇంటికి పోయి అవే నీళ్ళు తాగుతుంది. శామ్యూల్ రాజ్ గారికి జాలి వేసినట్టుంది.

"మీరేం దిగులు పడకండి. ఒక్క మరణం సంభవిస్తే ఇక అయిదుతో పని లేదు. ఆ రోజే టీం వెళ్తుంది" అన్నారు. (ఈ మాట ఆయన ధైర్యం చెప్పడానికే అన్నారు.)

ఆ మధ్యాహ్నం దైవాధీనం గారు క్యారియర్ విప్పలేదు. పాత బీరువా తెరిచి నావికుల ఫారం వెతికారు. రేవు బాగా నడిచిన రోజుల్లో అచ్చువేసినది, తర్వాత రద్దు చేయడం ఎవరికీ గుర్తులేక మిగిలిపోయినది. నాలుగు పేజీలు. వెనక నిబంధనలు. పదిహేడో నిబంధన దగ్గర ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఒడ్డుకు కనుచూపు మేరలో ఉన్న ఏ నౌకలోనైనా ఒక్క నావికుడికి కడుపు జబ్బు చేసినా సరే, ఇరవై నాలుగు గంటల్లో ఆ నౌక మంచినీటి ట్యాంకును ఖాళీ చేయించి, కడిగించి, చెడిన గొట్టాలు మార్పించవలెను. ఎందుకంటే, నౌకలో ఉన్నవారు నీటికోసం మరొక చోటికి పోలేరు.

ఆ చివరి వాక్యాన్ని ఆయన మూడుసార్లు చదువుకున్నారు. నిబంధన రాసిన మనిషి ఎవరో గాని, ఎప్పుడో ఒకసారి దాహంతో ఉండి ఉంటాడు.

ఊరికి అయిదుగురు కావాలి. ఓడకు ఒక్కరు చాలు.

కాని ఫారం మీద సంతకం పెట్టాలంటే చినతిప్పపాలెం ఓడ అని ఆయన నమ్మాలి. యాభై తొమ్మిదేళ్ళు వెనక బెంచీలో కూర్చున్న మనిషికి అది చిన్న సంగతి కాదు. సాయంత్రం వార్డుకు వెళ్ళి రాజకుమారి మంచం పక్కన కూర్చున్నారు. పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి గాని కళ్ళు చురుగ్గానే ఉన్నాయి. నీళ్ళు అడిగితే ఆయా చెంచాతో పోస్తోంది. ఆ చెంచా ఆయా ఇంటినుంచి తెచ్చుకున్నది. ఆసుపత్రి చెంచాలు ఇండెంట్‌లో ఉన్నాయి.

"మీ ఊరు ఎలా ఉంటుందమ్మా?" అని అడిగారు.

"ఇసక మీద ఉంటదండి."

"ఎప్పటినుంచీ అక్కడే ఉందా?"

"లేదండి. మా ముత్తాత అప్పుడు ఇంకా అవతల ఉండేదంట. ఉప్పెనొచ్చి తీసుకుపోయిందంట. మిగిలినోళ్ళు ఇవతలకొచ్చి మళ్ళీ కట్టుకున్నారంట. మళ్ళీ తుపానొస్తే ఇంకా ఇవతలకొస్తామంది మా మామ్మ."

దైవాధీనం గారు లేచి ఆఫీసుకు వచ్చి దీపం వేసి ఫారం నింపారు. నౌక పేరు: చినతిప్పపాలెం. నౌక రకం: చేపల వేట. సిబ్బంది: నాలుగు వందల పన్నెండు, ఆడవారు, పిల్లలతో కలిపి. సరుకు: ఎండుచేపలు. నౌక చుట్టూ నీటి లోతు: వానాకాలంలో మోకాలు, తుపానుకు తెలియదు. కిందటి మకాం: 1977 ఉప్పెనకు ముందు అరమైలు తూర్పున. ఒక్క అక్షరం అబద్ధం రాయలేదని రెండుసార్లు చూసుకున్నారు.

కెప్టెన్ గడి మిగిలింది. నౌకలో ట్యాంకు బాధ్యత ఎవరిదో వారే సంతకం చేయవచ్చని నిబంధన. పంపు ఆపరేటరు రాంబాబుకు ఫోన్ చేశారు.

"కెప్టెనంటే ఏం చెయ్యాలండీ?" అన్నాడు రాంబాబు.

"సంతకం పెట్టాలి."

"అంతేనా? పంపు ఆపరేటరుగా పన్నెండేళ్ళు చేశాను, సంతకం ఎవరూ అడగలేదు. పొద్దున్న మొదటి బస్సుకొస్తాను."

మర్నాడు ఫారం శామ్యూల్ రాజ్ గారి ముందుకు వెళ్ళింది. ఆయన నాలుగు పేజీలూ చదివారు. చాలాసేపు చదివారు. పెన్నులన్నీ ఒకసారి సర్ది, వాటిలో ఒకటి తీసి సంతకం పెట్టారు. "ఖాళీ గడి ఒక్కటీ లేదండీ" అన్నారు. ఆయన నోట దైవాధీనం గారు విన్న మెచ్చుకోలు అదొక్కటే. బహుశా ఆయనకు తెలిసిన కరుణ కూడా అదొక్కటే.

ఆ రోజు మధ్యాహ్నానికల్లా నౌకా తనిఖీ బృందం జీపులో చినతిప్పపాలెం చేరింది. నలుగురూ లైఫ్ జాకెట్లు వేసుకున్నారు. నౌక ఎక్కేటప్పుడు తప్పనిసరి. ట్యాంకు ఖాళీ చేశారు. అడుగున చేతి మందాన బురద ఉంది. డ్రెయినులో రాంబాబు చూపించినచోట తవ్వితే గొట్టం రెండు బారల మేర పగిలి ఉంది. కొత్త గొట్టం వేశారు, ఈసారి డ్రెయిను పైనుంచి. నివేదికలో ఇలా రాశారు: 'నౌక స్థిరంగా ఉన్నది. ఊగుట లేదు. సిబ్బందిలో మేకలు కలవు. మంచినీరు ఇప్పుడు బాగున్నది.'

నాలుగు రోజుల్లో జబ్బులు ఆగిపోయాయి. పన్నెండు మందీ కోలుకున్నారు. రాజకుమారి డిశ్చార్జి కాగితం మీద 'సముద్రయానానికి అర్హురాలు' అని ముద్ర వేశారు. కోటమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచింది. మరుసటి మంగళవారం గంపతో వీధిలోకి వచ్చి, దైవాధీనం గారికి పెద్ద పండుగప్ప వేసి, డబ్బు తీసుకోనంది. ఆయన తీసుకోమన్నారు. ఇద్దరూ వీధిలో చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఆమె సగం తీసుకుని, మిగతా సగానికి రొయ్యలు వేసి వెళ్ళింది.

ఇక్కడితో ఈ కథ ముగిస్తే దేశంలో ఆరోగ్య వ్యవస్థ బాగున్నట్టు పొరబడే ప్రమాదం ఉంది.

పదహారో రోజున నోటీసు వచ్చింది. ఇరవై మూడో నిబంధన ప్రకారం, జబ్బు తగ్గిన నౌక పదిహేను రోజుల్లో రేవు విడిచి వెళ్ళవలెను. వెళ్ళని పక్షంలో నౌకకు అమర్చిన కొత్త గొట్టాన్ని ఊడదీసి స్టోరుకు జమచేయవలెను. చినతిప్పపాలెం ఇంకా కదలలేదని తనిఖీవారు గమనించారు. కెప్టెన్ నుంచి సంజాయిషీ కోరారు.

దైవాధీనం గారు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుని ఫారం వెనక్కి తిప్పారు. గడువు పొడిగింపుకు ఒకే ఒక్క మార్గం ఉంది. నౌక సిబ్బందిలో కనీసం ఒకరు ఆసుపత్రిలో చికిత్స పొందుతూ ఉంటే నౌక మరో పదిహేను రోజులు ఆగవచ్చు. ఆగినంతకాలం ట్యాంకును పదిహేను రోజులకొకసారి కడగడం కూడా నిబంధనే.

అంటే ఆ ఊరి నీళ్ళు శుభ్రంగా ఉండాలంటే ఆ ఊళ్ళో ఎప్పుడూ ఒకరు జబ్బుగా ఉండాలి.

ఆయన ఈ సంగతి భయం భయంగా పాలేనికి తెలియజేశారు. పాలెంవాళ్ళు భయపడలేదు. ఇంతకన్నా కష్టమైన నిబంధనలు సముద్రం దగ్గర చాలా చూశారు. చర్చి అరుగు మీద కూర్చుని వంతులు వేసుకున్నారు. మొదటి వంతు కోటమ్మ తీసుకుంది. జబ్బు పేరు దగ్గర డాక్టరుగారు 'నీరసం' అని రాశారు. ఆ పాలెంలో ఎవరి గురించి అలా రాసినా అబద్ధం కాదు. కోటమ్మకు పదిహేను రోజులు ఫ్యాను కింద పడక, రోజూ గుడ్డు, సాయంత్రం పాలు దొరికాయి. పెళ్ళయిన ముప్ఫయి ఏళ్ళలో అన్ని గంటలు నిద్రపోవడం అదే మొదటిసారట. ఆమె తిరిగొచ్చాక వంతుల కోసం పోటీ పెరిగింది. రాంబాబు కూడా అడిగాడు గాని, కెప్టెన్ నౌక వదిలి వెళ్ళరాదని అందరూ కలిసి కూర్చోబెట్టారు.

సమన్వయ విభాగం పనితీరు ఇంత గొప్పగా ఎన్నడూ లేదు. ఆ నౌకలో నీరు శుభ్రంగా ఉందని ఆరోగ్యశాఖ రాస్తుంది. దైవాధీనం గారు దాన్ని గులాబీ ఫారంలోకి ఎక్కిస్తారు. అదే నౌకలో జబ్బు తగ్గడం లేదని ఆసుపత్రి రాస్తుంది. ఆయన దాన్ని నీలం ఫారంలోకి ఎక్కిస్తారు. రెండూ చదివిన మనిషి లోకంలో ఆయన ఒక్కరే గనక ఎవరికీ అనుమానం రాలేదు. శామ్యూల్ రాజ్ గారు రెండింటి మీదా సంతకం పెడతారు. చదవరని కాదు. చదివి, పెన్నులు సర్ది, పెడతారు.

ఇలా తొమ్మిది నెలలు గడిచాయి. జూన్ మధ్యలో వేట నిషేధం ఎత్తేశారు. రెండు నెలలు ఒడ్డున కూర్చున్న పడవలన్నీ ఒక్కసారి నీళ్ళలోకి దిగాయి. మగవాళ్ళు సముద్రం మీద, ఆడవాళ్ళు మార్కెట్లలో, ముసలివాళ్ళు చేపలు ఆరబెట్టే పనిలో. రోజుకు ఇరవై గంటలు పని. వచ్చే సోమవారంతో గడువు తీరుతుంది. పాలెంలో జబ్బుపడటానికి తీరిక ఉన్నవారు ఒక్కరూ మిగల్లేదు.

ఆదివారం సాయంత్రం దైవాధీనం గారు పొడిగింపు ఫారం పట్టుకుని తానే బస్సెక్కి చినతిప్పపాలెం వెళ్ళారు. తొమ్మిది నెలలుగా ఆ ఊరి గురించి రాస్తున్నారు గాని చూడటం అదే మొదలు. ఉపకేంద్రం ఒక్కటే గది. షీబా వ్యాక్సిన్ పెట్టె కడిగి బోర్లిస్తోంది. ఆయనకు కుర్చీ వేసి, కుళాయి తిప్పి గ్లాసుతో నీళ్ళు పట్టి ఇచ్చింది. ఆయన తాగారు. నీళ్ళు బాగున్నాయి. ఆ మాట ఆమెకు చెప్పారు కూడా.

"పేరు ఎవరిది రాయమంటావమ్మా?"

"నాదే రాయండి" అంది షీబా.

"నువ్వు నర్సువి కదమ్మా."

"నౌకలో ఉన్నదాన్ని గదండీ. సిబ్బందిలో నన్నూ లెక్కేశారుగా, నాలుగొందల పన్నెండులో."

లెక్కవేశారు. ఆయనే వేశారు. ఆయన పేరు రాసుకున్నారు. జబ్బు దగ్గర నీరసం అని రాస్తూ ఒకసారి తలెత్తి ఆమె ముఖం చూశారు. రాసింది కొట్టివేయవలసిన అవసరం కనపడలేదు.

ఏఎన్ఎం ఆసుపత్రిలో చేరితే ఉపకేంద్రం మూసి ఉంచాలన్నది మరో నిబంధన. షీబా పలక తీసుకుని సుద్దముక్కతో రాసి కిటికీకి తగిలించింది. 'నర్సు గారికి జబ్బు. పదిహేను రోజులు ఎవరూ రావద్దు.' గుమ్మం ముందు మార్కెట్ నుంచి తిరిగొస్తున్న కోటమ్మ ఖాళీ గంప దింపుకుని ఆ పలకను చూసింది. ఆమెకు చదువు రాదు. ఏం రాసి ఉందో పక్కనే ఉన్న రాజకుమారి చదివి చెప్పింది.

"మరి ఈలోగా నిజంగానే ఎవరికైనా జొరమొస్తే?" అంది కోటమ్మ.

"బందరు తీసుకురా పిన్నీ. నా మంచం పక్కన కూర్చోబెట్టు, చూస్తాను" అంది షీబా.

రోగులు వైద్యం చేయరాదని ఎక్కడో ఒక నిబంధన ఉండే ఉంటుంది. దైవాధీనం గారు దాని సంఖ్య గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించలేదు. షీబా దీపం ఆర్పింది. పక్క ఇంటి అరుగు మీద అప్పుడే టీకా వేయించుకున్న పసిగుడ్డు నిద్రపోతోంది, దాని తల్లి చేపలు ఆరబెట్టడానికి పోయింది. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళి జబ్బుపడవలసి ఉన్నందున, ఆ పాలెంలో ఆరోగ్యం కోసం తెరిచి ఉన్న ఒకే ఒక్క తలుపును షీబా ఆ రాత్రికి చప్పుడు కాకుండా మూసింది.